‘అర్థమైందా?’ అని అడగడం మానేశాక



నేను 31 ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఫిజికల్ సైన్సు చెప్పాను. అన్నేళ్లలో నా నోట ఎక్కువసార్లు వచ్చిన మాట న్యూటన్ పేరో, ఓమ్ పేరో అనుకుంటారేమో. కాదండీ, ‘అర్థమైందా?’ అన్న మాట. సూత్రం రాయగానే అర్థమైందా? డస్టరు పట్టుకోగానే అర్థమైందా? బెల్లు కొట్టే వేళకి అర్థమైందా? దానికి వచ్చే జవాబు నాకు ముందే తెలుసు. మీకూ తెలుసు. తిరుమల కొండ మీద గోవింద కొట్టినట్టు క్లాసంతా ఒకే గొంతుతో ‘అర్థమైంది సార్!’ అనేది. నేను చేతికంటిన సుద్ద దులుపుకుని తర్వాతి పేరాకు పోయేవాణ్ణి.

ఆ గోవిందలో భక్తి ఎంతుందో నాకు తెలియజెప్పింది ఒక సీలింగ్ ఫ్యాను.

అది జూన్ నెల. బళ్లు తెరిచి వారమైంది. రోహిణి కార్తె వెళ్లిపోయినా వడగాలి మాత్రం వెళ్లలేదు. పదో తరగతికి బాష్పీభవనం చెబుతున్నాను. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల నుంచి వేడిని తీసుకుంటుంది, అందుకే చల్లబడుతుంది. బోర్డు మీద రాశాను, పిల్లలు నోట్సులో ఎక్కించారు. ముందు బెంచీ అమ్మాయిని లేపితే నిర్వచనం పొల్లుపోకుండా అప్పజెప్పింది. అర్థమైందా అంటే అర్థమైందన్నారు. అంతలో పోయిన కరెంటు వచ్చి ఫ్యాను తిరిగింది. క్లాసంతా హమ్మయ్య అంది. బల్ల మీద థర్మామీటరు ఉంది, 36 డిగ్రీలు చూపిస్తోంది. ఊరికే, నోటికొచ్చినట్టు అడిగాను: ‘‘ఒరేయ్, దీన్ని ఫ్యాను కింద పెడితే పాదరసం దిగుతుందా?’’

‘‘దిగుతుంది సార్!’’ మళ్లీ గోవింద.

పెట్టాను. అయిదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. పాదరసం కదల్లేదు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి ఒకడు లేచి, ‘‘థర్మామీటరు పాడైందేమో సార్’’ అన్నాడు. బెల్లు కొట్టేశారు.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. నిర్వచనం నోట్సులో ఎక్కించినవాళ్లు 48 మంది. ఆ నిర్వచనం తమ ఒంటి మీది చెమట గురించే చెబుతోందని గ్రహించినవాళ్లు ఒక్కరూ లేరు. తప్పు వాళ్లది కాదు. గ్రహించాల్సిన అవసరం వాళ్లకు కల్పించనేలేదు నేను.

మర్నాడు ప్రార్థన కాకముందే రెండో బెంచీ పిల్ల ఒకతి స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. ‘‘సార్, థర్మామీటరు పాడవలేదు సార్. దానికి చెమట పట్టదు కదా సార్’’ అంది. అని ఆగలేదు. ‘‘తడిగుడ్డ చుట్టి పెడితే దిగుద్ది. చూద్దామా సార్?’’

చూశాం. పాదరసం దిగుతుంటే ఆ పిల్ల ముఖం చూడాలి. గెలిచినట్టు నవ్వలేదు. తనకు ముందే తెలిసిన విషయాన్ని థర్మామీటరు ఒప్పుకుంటోంది అన్నట్టు, కాస్త గంభీరంగా చూసింది.

ఆ పిల్ల రాత్రంతా పాఠంలోనే ఉంది. తక్కిన 47 మందీ, వాళ్లతో పాటు నేనూ, బెల్లు కొట్టగానే బయటికొచ్చేశాం. హైస్కూల్లో పిల్లలు చదువులో నిజంగా నిమగ్నం కావడమంటే ఏమిటో నాకు మొదటిసారి తెలిసింది ఆ గుమ్మం దగ్గరే.

మనం దేన్ని చూసి మోసపోతామో ముందు చెప్పుకుందాం. క్లాసు నిశ్శబ్దంగా ఉంటే పాఠం వింటున్నారనుకుంటాం. అందరూ ఒక్కసారి జవాబిస్తే వచ్చేసిందనుకుంటాం. చార్టులు కత్తిరించి గోడలకు అంటించి సందడి చేస్తే పాల్గొంటున్నారని సంబరపడతాం. ఇప్పుడు గోడకు డిజిటల్ ప్యానెళ్లు వచ్చాయి. అందులో గ్రహాలు గిరగిరా తిరుగుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. సినిమా కూడా అలాగే చూస్తారు. గంగిరెద్దు తల ఊపిందంటే సన్నాయి రాగం తెలిసి ఊపిందని కాదు కదా.

నాకు మిగిలిన కొలబద్ద ఒక్కటే. ఈ 45 నిమిషాల్లో పిల్లవాడు తన బుర్రతో తానే చేయాల్సిన పని ఏదైనా ఉందా? నేను చెయ్యలేనిది, పక్కవాడు చేసిపెట్టలేనిది? అన్నం మనమే కలిపి, మనమే నమిలి, మనమే మింగేస్తే పిల్లల కడుపు నిండదు. మన మాస్టార్లలో చాలామంది మంచివాళ్లు. ఆ మంచితనం కొద్దీ ముద్ద మిగల్చకుండా అంతా మేమే నమిలేస్తుంటాం.

ఆ ముద్ద మిగల్చడానికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. మొదటగా కావలసింది మూడు సెకన్లు.

మేరీ బడ్ రో అనే అమెరికన్ సైన్సు విద్యావేత్త చాలా తరగతి గదుల్లో మాటల్ని రికార్డు చేసి, ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎడమెంతో కొలిచారు. 1974లో ఆ సంగతులు అచ్చయ్యాయి. ప్రశ్న అడిగాక టీచర్లు ఆగుతున్నది సగటున ఒక్క సెకను. ఆలోగా జవాబు రాకపోతే ఇంకొకరిని అడుగుతారు, లేదా తామే చెప్పేస్తారు. అదే మూడు సెకన్లు ఆగితే జవాబుల పొడవు పెరిగింది, ‘తెలీదు’ అనేవాళ్లు తగ్గారు, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు విప్పారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. ఇంకో సంగతి కూడా ఆమె పట్టుకున్నారు. చురుకైన పిల్లల కోసం టీచర్లు కాస్త ఎక్కువసేపు ఆగుతారట, వెనకబడ్డవాళ్ల కోసం ఇంకా తక్కువ. అంటే సమయం ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లకే తక్కువ ఇస్తున్నాం.

మూడు సెకన్లే కదా అనిపిస్తుంది. ఎంతసేపుంటుందో మీకు వినిపిస్తాను. ఒక ప్రశ్న అడిగి మాట్లాడకుండా ఉంటాను. రేడియో పాడైందనుకోకండి. ప్రశ్న ఇది: మీరు చదువుకున్న రోజుల్లో క్లాసులో మీ అంతట మీరు లేచి అడిగిన ప్రశ్న ఒక్కటైనా గుర్తుందా?

(మూడు సెకన్ల నిశ్శబ్దం)

చాలాసేపు అనిపించింది కదూ. రేడియోలో నిశ్శబ్దమంటే స్టూడియోలో ఉన్నవాళ్లకు గుండె దడ. క్లాసులో మాస్టారికీ అదే దడ. నిశ్శబ్దం వచ్చిందంటే తనకు పాఠం చెప్పడం రాలేదని ఎవరైనా అనుకుంటారేమోనన్న భయం. నేను వీపు వెనక చేతులు కట్టుకుని వేళ్లు మడుచుకుంటూ లెక్కపెట్టేవాణ్ణి. మొదటి వారం నరకమే. రెండో వారానికి పిల్లలకు ఒకటి తెలిసిపోయింది: ఈయన జవాబు చెప్పెయ్యడు, మనమే చెప్పాలి. అప్పుడు గదిలోని నిశ్శబ్దం రకం మారింది.

జవాబు వచ్చాక కూడా తొందరే మాకు. ఎవరైనా సరిగా చెప్పగానే ‘వెరీ గుడ్, కూర్చో’ అంటాం. ఆ మాటతో తక్కిన 47 బుర్రలూ తలుపులు మూసేస్తాయి. వెరీ గుడ్ బదులు ‘అలా ఎందుకనుకుంటున్నావు?’ అని, ఆ తర్వాత ‘దీనికి ఒప్పుకోనివాళ్లు ఎవరు?’ అని అడగడం అలవాటు చేసుకున్నాను. తప్పు చెప్పినవాణ్ణి చూసి క్లాసు నవ్వితే మాత్రం ఊరుకునేవాణ్ణి కాదు. ఒక్కసారి నవ్వులపాలైన పిల్లవాడు పదో తరగతి పాసయ్యేదాకా నోరు విప్పడు.

ఇక మాట్లాడుకోవడం గురించి. మన బళ్లలో మాస్టారు రావడం ఆలస్యమైతే క్లాస్ లీడర్ ఏం చేస్తాడు? బోర్డు మీద ఓ మూల గీత గీసి, ‘మాట్లాడినవారు’ అని శీర్షిక పెట్టి పేర్లు రాస్తాడు. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ గుర్తు. ఇలా చిన్నప్పటి నుంచీ మాట్లాడటం నేరమని నేర్పి, తొమ్మిదో తరగతికొచ్చాక ‘వీళ్లు ఏమీ మాట్లాడరండీ, మొద్దుల్లా కూర్చుంటారు’ అని వాపోతాం.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ మజూర్ అనే భౌతిక శాస్త్ర ఆచార్యుడికీ మా థర్మామీటరు లాంటి అనుభవమే అయింది. ఆయన విద్యార్థులు కఠినమైన లెక్కలు చేసేవారు గానీ, లెక్క లేకుండా మామూలు మాటల్లో అడిగితే తడబడేవారు. 1991 నుంచి ఆయన పద్ధతి మార్చేశారు. ఒక ప్రశ్న వేసి, ఎవరి జవాబు వాళ్లు తేల్చుకున్నాక, పక్కవాళ్లతో వాదించి ఒప్పించమంటారు. తర్వాత మళ్లీ జవాబు అడుగుతారు. ఇప్పుడే నేర్చుకున్నవాడికి తాను ఎక్కడ తడబడ్డాడో గుర్తుంటుంది కాబట్టి, ఎప్పుడో నేర్చుకున్న ప్రొఫెసరు కన్నా పక్కవాడికి బాగా విప్పి చెప్పగలడు. ఇదేమీ హార్వర్డ్ రహస్యం కాదు. పరీక్ష రోజు ఉదయం బడి అరుగు మీద మన పిల్లలు చేసేది ఇదే.

ఈ పద్ధతి నేను కటకాల పాఠంలో వాడి చూశాను. కుంభాకార కటకాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుంటే, బయట ఉన్న వేపచెట్టు గదిలో కటకం వెనక ఉన్న గోడ మీద తలకిందులుగా పడుతుంది. చిన్న బొమ్మ, ఆకులు కదులుతూ ఉంటాయి. అది చూపించి, నల్లకాగితం ముక్క చేతిలో పట్టుకుని అడిగాను: ‘‘కటకం పైసగం దీంతో మూసేస్తే గోడ మీద ఏం కనిపిస్తుంది? నోట్సు చివరి పేజీలో రాయండి. రాశాక కొట్టివేతలు లేవు.’’

ఆ చివరి షరతే కీలకం. రాసిన తర్వాత ప్రతివాడూ పందెం కాసినట్టే. చేతులు లెక్కపెడితే 30 మందికి పైగా సగం చెట్టే కనిపిస్తుందన్నారు. పై సగమా కింది సగమా అన్నదాని మీద వాళ్లలో వాళ్లకే రెండు పార్టీలు. నలుగురైదుగురు ఏమీ కనిపించదన్నారు. ఇద్దరు మాత్రం చెట్టంతా కనిపిస్తుందన్నారు, అదీ భయం భయంగా. అయిదు నిమిషాలు వాదించుకోమన్నాను. గది సంతలా అయింది. హెడ్‌మాస్టారు వరండాలోకొచ్చి ఒకసారి తొంగిచూసి వెళ్లారు. తర్వాత కాగితం అడ్డం పెట్టాను. చెట్టు మొత్తం అలాగే ఉంది, కాస్త మసకబారిందంతే. ఒక్క క్షణం ఎవరూ ఊపిరి తీయలేదు. ఆ వెంటనే నలభై గొంతులు: ‘‘ఎలా సార్?’’

ఆ ‘ఎలా’ కోసమేనండీ ఇదంతా. చెట్టులోని ప్రతి ఆకు నుంచీ వచ్చే కాంతి కటకం అంతటి మీదా పడుతుందని, సగం మూసినా మిగిలిన సగం ప్రతి ఆకునూ గోడ మీదికి చేరుస్తుందని నేను ఏటా చెబుతూనే ఉన్నాను. ఆ ఏడు అడిగించుకుని చెప్పాను. అడగకుండా చెప్పిన జవాబు పిలవని పేరంటం లాంటిది, ఎవరూ రారు.

ఇంతవరకూ చెప్పింది చదవగలిగిన పిల్లల సంగతి. చివరి బెంచీ దాకా వెళ్లకుండా ఈ మాట ముగిస్తే అన్యాయమవుతుంది.

14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ పిల్లల మీద 2023లో అసర్ అనే విద్యా సర్వే జరిగింది. 26 రాష్ట్రాల్లో 28 జిల్లాలు తిరిగారు. ఆ వయసులో దాదాపు నాలుగో వంతు మంది తమ సొంత భాషలో రెండో తరగతి పాఠాన్ని తడుముకోకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 43 శాతమే. అలాంటి పిల్లవాడు తొమ్మిదో తరగతిలో కూర్చుని రోజుకు ఏడెనిమిది పీరియడ్లు వింటున్నాడంటే, భాష తెలియని ఊళ్లో దిగినవాడిలా ఉన్నాడన్నమాట. వాడికి ఆసక్తి లేదని మనం తేల్చేస్తాం. వాడు తనకు రాదన్న సంగతి బయటపడకుండా కాపాడుకుంటున్నాడు, అంతే. బడి చదువుల భారాన్ని పరిశీలించిన యశ్‌పాల్ కమిటీ 1993లోనే ఈ మాట చెప్పింది. పిల్లల వీపు మీది పుస్తకాల సంచి కన్నా, అర్థం కాకపోవడమనే బరువే ఎక్కువ ప్రమాదమని.

నా క్లాసులో అలాంటివాడొకడు ఉండేవాడు. చదవడం అంతంతమాత్రం, లెక్కలు సున్నా. స్లిప్ టెస్టుల్లో పేరు రాసి కాగితం ఇచ్చేసేవాడు. మా రికార్డుల్లో డి గ్రేడ్. వినాయక చవితి సెలవులయ్యాక వాడు నాలుగు రోజులు బడికి రాలేదు. వచ్చిన రోజు నేను అందరి ముందూ తిట్టాను, పందిళ్ల వెంట తిరిగితే చదువు ఎక్కుతుందా అని. వాడు తల దించుకున్నాడు. అదే పీరియడ్‌లో శ్రేణి సంధానం, సమాంతర సంధానం చెప్పాలి. శ్రేణిలో ఒక బల్బు పోతే అన్నీ ఆరిపోతాయన్నాను. పాత సీరియల్ సెట్లు అలాంటివేనని, నలభై బల్బుల్లో ఏది పోయిందో కనిపెట్టడానికి ఒక్కొక్కటీ పీకి చూసుకోవాల్సిందేనని ధీమాగా చెప్పాను.

చివరి బెంచీ నుంచి గొంతు: ‘‘అక్కర్లేదండి.’’

క్లాసంతా వెనక్కి తిరిగింది. నేను నోరు తెరవబోయి, వీపు వెనక వేళ్లు మడుచుకున్నాను. ఒకటి, రెండు, మూడు.

‘‘మజ్జలో బల్బు కాడ టెస్టర్ పెట్టి చూత్తామండి. ఎలిగిందనుకోండి, అక్కడిదాకా బాగానే ఉన్నట్టు. పోయింది అవతల సగంలో. ఆ సగంలో మళ్లీ మజ్జలో చూత్తాం. అలా సగం సగం చేసుకుంటా పోతే దొరికిపోద్దండి.’’

సుద్దముక్క వాడి చేతికిచ్చాను. కరెంటుతో ఆటలొద్దని ప్లగ్గు పెట్టనివ్వలేదు గానీ, బోర్డు మీద నలభై చుక్కలు పెట్టి చూపించాడు. 40లో 20, అందులో 10, అందులో 5, తర్వాత 3, 2, 1. ఆరుసార్లు టెస్టర్ పెడితే చాలు. నేను చెప్పిన పద్ధతిలో అయితే ఒక్కోసారి నలభై బల్బులూ పీకాలి. ముందు బెంచీవాళ్లు ‘‘వంద బల్బులుంటే?’’ అని అడిగారు. వాడు వేళ్లు లెక్కపెట్టి ఏడుసార్లన్నాడు. భాగహారం రాదని రాసిపెట్టుకున్న పిల్లవాడు.

అక్షర క్రమంలో ఉన్న పెద్ద జాబితాలో కంప్యూటర్లు ఒక పేరును వెతికేది ఇలా సగం సగం చేసుకుంటూనే. ఆ సంగతి చెబితే వాడు నమ్మలేదు. అందరి ముందూ తిట్టాను గనక, నా మాట తప్పని కూడా అందరి ముందూ ఒప్పుకున్నాను. ఆ తర్వాత వాడు టాపరైపోయాడని కథ చెప్పను. పదో తరగతి అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. కానీ ఆ రోజు నుంచి పరీక్ష కాగితం ఖాళీగా ఇవ్వలేదు. తప్పో ఒప్పో, ఏదో ఒకటి రాశాడు. రాస్తేనే కదా వాడికేం రాదో నాకు తెలిసేది.

వాడు నోరు విప్పింది ఏ భాషలో? మజ్జలో, కాడ, చూత్తాం. అది వాడి భాష. ‘ఇంగ్లీషులో చెప్పు’ అనో, ‘మధ్యలో అనరా’ అనో నేను అని ఉంటే ఆ పాఠం మాకు దక్కేది కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడి రాజావారి బడిలో మాస్టారు. సవర గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని తానే సవర నేర్చుకుని, పుస్తకాలు రాసి, చివరికి నిఘంటువే కూర్చారు. పిల్లవాడు తన దగ్గరికి నడిచి రావాలని కూర్చోకుండా, మాస్టారే పిల్లవాడి దగ్గరికి నడిచివెళ్లడం అది. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేస్తాం. దండతో పాటు ఆ నడకనూ గుర్తుంచుకుంటే బాగుంటుంది. ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనూ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు అచ్చవుతున్నాయి. ఇంగ్లీషు నేర్వాల్సిందే. కానీ ఆలోచన పుట్టేటప్పుడు ఏ భాషలో పుడితే ఆ భాషలో బయటికి రానిద్దాం. ఇంగ్లీషు చొక్కా తర్వాత తొడగొచ్చు.

ఇప్పుడు వింటున్న టీచర్లు ఏమంటున్నారో నాకు వినబడుతోంది. ‘మాస్టారూ, బాగానే ఉంది. సిలబస్ ఎవరు పూర్తిచేస్తారు? ఏడాది పొడవునా ఎఫ్ఏలు, ఎస్ఏలు అంటూ పరీక్షలు. యాప్‌లో ఫొటోలు అప్‌లోడ్ చెయ్యాలి. జనవరి నుంచి పదో తరగతికి ప్రత్యేక తరగతులు. ఫలితం తగ్గితే సంజాయిషీ.’ అన్నీ నిజాలే. నేనూ సంజాయిషీ రాసినవాణ్ణే.

ఇద్దరికి చెప్పాలి జవాబు. టీచర్లకు: రోజుకు ఏడు పీరియడ్లూ ఇలా నడపమని నేననను, నేనూ నడపలేదు. వారానికి ఒక పాఠం, పాఠానికి ఒక ప్రశ్న. మొదట పిల్లల చేత రాయించే ప్రశ్న, జవాబు మీరు దాచుకునే ప్రశ్న. దానికి పది నిమిషాలు పోతాయి. ఆ పాఠాన్ని ఫిబ్రవరిలో మళ్లీ మొదటి నుంచీ చెప్పే పని తప్పి, ఆ పది నిమిషాలు వడ్డీతో తిరిగొస్తాయి. సిలబస్ రికార్డు పుస్తకంలో పూర్తవడం వేరు, పిల్లల బుర్రలో పూర్తవడం వేరు.

పైవాళ్లకు: పరీక్ష మారకుండా పాఠం మారదు. మధ్యప్రదేశ్‌లోని అప్పటి హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలలతో ఒక సైన్సు కార్యక్రమం మొదలైంది. పిల్లలు చౌకగా దొరికే వస్తువులతో ప్రయోగాలు చేసి, తామే చూసి, తామే జవాబు రాసుకునేవారు. ఆ పాఠానికి తగ్గట్టు పరీక్షనూ మార్చారు. పుస్తకాలు చూసి రాసుకోవచ్చు, చేతులతో చేసి చూపించే పరీక్ష కూడా ఉండేది. పుస్తకం తెరిచి ఇచ్చినా పుస్తకంలో దొరకని ప్రశ్న అడగాలంటే, ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్లే ముందు ఆలోచించాలి. ప్రభుత్వ బళ్లలో ముప్ఫై ఏళ్లు నడిచి 2002లో అది ఆగిపోయింది. ఆగిపోయింది కాబట్టి కుదరని పని అనొచ్చు. ముప్ఫై ఏళ్లు నడిచింది కాబట్టి కుదిరే పనే అని కూడా అనొచ్చు.

ఇక అమ్మానాన్నలకు ఒక్క మాట. బడి నుంచి రాగానే ‘ఎన్నొచ్చాయి?’ అని అడుగుతారు. అంకె చెప్పేస్తే సంభాషణ అయిపోతుంది. దాని బదులు, ఏమవుతుందో ఊహించమని ఏదైనా అడగండి. అంట్లు తోమేటప్పుడు, మోటారు వేసేటప్పుడు, పులిహోర కలిపేటప్పుడు.

ఈ సాయంత్రమే ఒకటి చేసి చూడండి. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వెయ్యండి. ఎర్రగా అవుతుంది. పెళ్లిలో పారాణి, పురిటింట్లో ఎర్రనీళ్లు, మన అమ్మమ్మలకు ఎప్పటి నుంచో తెలిసిన రసాయన శాస్త్రమే. ఇప్పుడు ఒక నిమ్మచెక్క తీసుకుని ఆ గిన్నె మీద పట్టుకోండి. పిండొద్దు. పక్కన ఉన్న పిల్లనో పిల్లవాణ్ణో అడగండి, ‘దీన్ని పిండితే ఏమవుతుంది?’ అని. వెంటనే చెప్పకపోతే మీరు చెప్పకండి. వీపు వెనక వేళ్లు మడుచుకోండి.

ఏమవుతుందో నేనూ చెప్పను.

అర్థమైందా అని కూడా అడగను.